హంప్తా పాస్‌కి ఏ జాకెట్, ఏ టెంటు: లేబుల్ మీది అంకె కన్నా మీ ఒంటి కొలత ముఖ్యం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. జూలై ఆఖరి వారంలో భార్యతో కలిసి హిమాచల్‌లోని హంప్తా పాస్ ట్రెక్‌కి వెళ్తున్నారు. మీ ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 78 కిలోలు, ఛాతీ 40, "కొంచెం పొట్ట ఉంది". 'మైనస్ 10' అని రాసిన జాకెట్ ఎల్ సైజు తెప్పిస్తే పొట్ట దగ్గర జిప్పు పట్టేస్తోంది, ఎక్స్‌ఎల్ తెప్పిస్తే భుజాలు జారిపోతున్నాయి. ఇద్దరు పట్టే టెంటు ఒకటి చూసిపెట్టుకున్నారు: 1.4 కిలోలు, 3000 మి.మీ. వాటర్‌ప్రూఫ్. తర్వాత అరకు, మారేడుమిల్లి వైపు కూడా పనికొస్తుందని ఆశ. మొత్తం బడ్జెట్ 20 వేలు.

ముందు జవాబు చెప్పేస్తాను. రెండు జాకెట్లూ వాపసు పంపేయండి. ఆ ట్రెక్‌కి ఒక మందపాటి జాకెట్ అక్కర్లేదు, మూడు పల్చటివి కావాలి: ఒక ఫ్లీస్ (మెత్తటి నూగు గుడ్డ జాకెట్), ఒక పల్చటి సింథటిక్ పఫర్ (లోపల కృత్రిమ దూది నింపిన జాకెట్), వాటి మీద ఒక రెయిన్ జాకెట్. పఫర్ మీ ఒంటి సైజులో, రెయిన్ జాకెట్ దానికన్నా ఒక సైజు పెద్దది. ట్రెక్కింగ్ కంపెనీతో వెళ్తున్నట్టయితే టెంటు ఇప్పుడు కొనొద్దు, వాళ్లే ఇస్తారు. మీ అంతట మీరు వెళ్తుంటే మనాలీలో అద్దెకి దొరుకుతుంది. ఎలాగైనా కొనాల్సిందే అంటే ఆ 3000 అంకెని పక్కన పెట్టి నేల వెడల్పు, తలుపులు ఎన్ని, గాలి ఆడే కిటికీలు ఎక్కడున్నాయి, ఈ మూడూ చూడండి.

ఇక ఎందుకు అన్నది చెప్తాను. నాకు షాపు లేదు, ఎవరి సరుకూ అమ్మను. హైదరాబాద్‌లో మా ట్రెక్కింగ్ బృందం సామానంతా మా ఇంట్లోనే ఉంటుంది. తొమ్మిది టెంట్లు, ఇరవై దాకా జాకెట్లు. ఎవరు బయల్దేరినా వచ్చి వేసుకుని చూసి తీసుకెళ్తారు, తడిపి తెచ్చిస్తారు, నేను ఆరబెడతాను. పన్నెండేళ్లుగా ఇదే పని. అందుకే ఎవరి ఒంటికి ఏది కుదురుతుందో, ఏది ఎక్కడ ముందు పాడవుతుందో కాస్త తెలిసింది.

తడి ఎక్కువగా బయటినుంచి రాదు

ఇది ఒంటబట్టడానికి నాకు ఒక అవమానం అవసరమైంది. 2011లో నా మొదటి రెయిన్ జాకెట్ వేసుకుని ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ ట్రెక్‌కి వెళ్లాను. దారిలో మూడు గంటలు ఆగకుండా వాన. క్యాంపుకి చేరి లోపలి చొక్కా విప్పి పిండితే నీళ్లు కారాయి. తిరిగొచ్చాక షాపుకెళ్లి గొడవ పెట్టుకున్నాను, మోసం అన్నాను. అక్కడి కుర్రాడు ఎదురు మాట్లాడలేదు. జాకెట్ చెయ్యి తిరగేసి, మణికట్టు దగ్గర రబ్బరుబ్యాండుతో బిగించి, అందులో అర సీసా నీళ్లు పోసి కొక్కేనికి తగిలించాడు. "టీ తాగి రండి సార్" అన్నాడు. అరగంట తర్వాత వచ్చి చూస్తే కింద నేల పొడిగా ఉంది. "ఇది మీ చెమటే సార్" అన్నాడు, నవ్వకుండా. నవ్వి ఉంటేనే బాగుండేది.

శ్వాసించే గుడ్డ అని వీళ్లు చెప్పేది అబద్ధం కాదు. అందులో ఉండే సన్నటి పొర చెమట ఆవిరిని బయటికి పోనిస్తుంది. కానీ లోపల వేడి, తేమ ఎక్కువగా ఉండి, బయట చల్లగా, పొడిగా ఉంటేనే ఆవిరి అటు కదులుతుంది. హంప్తా పాస్ దాటాక వచ్చే లాహౌల్ పొడి గాలిలో బాగానే పనిచేస్తుంది. ఆగస్టులో మారేడుమిల్లి వానలో, బయటే ఉక్కపోస్తుంటే, లోపలి ఆవిరి ఎక్కడికి పోతుంది? ఎంత ఖరీదైన జాకెట్ అయినా అక్కడ ప్లాస్టిక్ సంచే. అందుకే మన తూర్పు కనుమల్లో వెడల్పాటి దారుల్లో నేను గొడుగు పట్టుకుని నడుస్తాను. కుర్రాళ్లు నవ్వుతారు, నాలుగో కిలోమీటరు దగ్గర వాళ్లే "అన్నా, కాసేపు ఇటివ్వవా" అంటారు.

పై గుడ్డ మీద నీటి చుక్కలు తామరాకు మీద లాగా జారిపోవడానికి ఒక పూత వేస్తారు. అది పోతే పై గుడ్డ నీళ్లు పీల్చుకుని బరువెక్కుతుంది, ఒంటికి చల్లగా అంటుకుంటుంది, ఆవిరి దారి మూసుకుపోతుంది. అప్పుడే మనం 'లీకవుతోంది' అంటాం. నిజానికి లోపలి పొరకి ఏమీ కాలేదు. పాత పూతల్లో ఫ్లోరిన్ రసాయనాలు ఉండేవి. వాటిని ఇప్పుడు చాలా కంపెనీలు మానేశాయి. కాలిఫోర్నియా, న్యూయార్క్ రాష్ట్రాలు 2025 జనవరి నుంచి వాటిని బట్టల్లో నిషేధించాయి కూడా. కొత్త పూతలు ప్రకృతికి మేలే కానీ ఒంటి జిడ్డుకి, మురికికి త్వరగా లొంగుతాయి. అంటే జాకెట్‌ని ఇదివరకటికన్నా ఎక్కువసార్లు ఉతకాలి. తక్కువ సబ్బుతో ఉతికి, రెండుసార్లు నీళ్లలో జాడించి, ఆరాక పల్చటి గుడ్డ అడ్డం వేసి సన్నటి వేడితో ఇస్త్రీ చేస్తే పూత చాలావరకు మళ్లీ లేస్తుంది. లోపలి లేబుల్ మీద ఇస్త్రీ వద్దని గుర్తుంటే మాత్రం చేయకండి. సువాసన కోసం బట్టల్లో పోసే ఆ కండిషనర్ మాత్రం అస్సలు వద్దు. మా అమ్మ ప్రేమగా పోసి ఉతికిన నా జాకెట్ తర్వాతి వానలో తువ్వాలులా తాగింది.

సైజు సంగతి: భుజాలు ఒక కథ, పొట్ట ఇంకో కథ

మీ సమస్య మీ ఒక్కరిది కాదు. మా ఇంటికి వచ్చే నలభై దాటిన మగవాళ్లలో సగం మందిది ఇదే కథ. యూరప్ కంపెనీల కోత వెడల్పాటి భుజాలకి, పొడుగు చేతులకి, చదునైన పొట్టకి. మన ఒళ్లు దానికి తలకిందులు. చైనా బ్రాండ్ల ఎక్స్‌ఎల్ చాలావరకు మనం ఎం లేదా ఎల్ అనుకునే సైజే. అమెరికా బ్రాండ్ల ఎం ఒక్కోసారి మన ఎల్ అంత ఉంటుంది. కాబట్టి అక్షరాన్ని నమ్మకండి, టేపు తీసుకోండి.

నేను చేసేది ఇది. జాకెట్‌ని మంచం మీద పరిచి, జిప్పు పెట్టి, ఒక చంక నుంచి రెండో చంక దాకా కొలిచి రెండింతలు చేస్తాను. మీ ఛాతీ 40 అంగుళాలు కాబట్టి పఫర్‌కి అది 44 నుంచి 45 రావాలి. రెయిన్ జాకెట్‌కి 47 నుంచి 48. ఇవి పుస్తకంలో అంకెలు కావు, ఇంతమందికి వేసి చూశాక కుదిరిన లెక్క. ఆన్‌లైన్‌లో కొంటుంటే ఈ ఒక్క కొలత చెప్పమని అమ్మేవాళ్లని అడగండి. చెప్పకపోతే వాపసు తీసుకునే చోటే కొనండి.

పొట్ట కోసం సైజు పెంచొద్దు. భుజం కుట్టు చేతి మీదకి జారితే మీద బ్యాగు పట్టీ పడ్డాక ఆ ముడత చర్మాన్ని కోస్తుంది. దానికి మందు రెండు వైపులా తెరుచుకునే జిప్పు. కింద నుంచి ఒక జానెడు పైకి తీసేస్తే పొట్టకి చోటు దొరుకుతుంది, కూర్చున్నప్పుడు జిప్పు పైకి ఎగదన్నదు, బ్యాగు నడుం బెల్టు కూడా ఆ సందులోనే బిగుస్తుంది. మా బృందంలో ఒక బ్యాంకు మేనేజర్ గారు ఉన్నారు, మీలాంటి కొలతలే. ఆయన మూడు జాకెట్లు మార్చి చివరికి ఆ జిప్పు ఉన్నది కొనుక్కున్నాక నాకు కాజు బర్ఫీ తెచ్చారు. ఆ బర్ఫీల వల్లే ఈ జిప్పు అవసరం వచ్చిందని నేను అనలేదు.

వేసుకున్నాక అద్దం ముందు నిలబడి చూసుకోవడం దండగ. చేతులు రెండూ పైకెత్తండి: నడుం బయటపడితే ఆ సైజు కాదు. చేతులు ముందుకి చాపి కావలించుకున్నట్టు పెట్టండి: వీపు బిగిస్తే కాదు. హుడ్ వేసుకుని తల పక్కకి తిప్పండి: హుడ్ తలతోపాటు తిరగాలి, మీ ముక్కు హుడ్ గోడకి తగిలితే ఆ జాకెట్‌తో రాళ్ల మీద నడవలేరు. చివరగా 5 కిలోల బియ్యం పెట్టిన బ్యాగు వేసుకోండి. జేబులు నడుం బెల్టు కిందకి పోతున్నాయా? పోతే ఆ జేబులు లేనట్టే లెక్క. ఈ ఆఖరి పరీక్ష చాలామంది చేయరు, షాపులో బ్యాగు అడగడానికి మొహమాటపడతారు. అడగండి.

రెయిన్ జాకెట్ ఎందుకు పెద్దది అన్నానంటే, వెచ్చదనం గుడ్డలో ఉండదు, గుడ్డ పట్టి ఉంచే గాలిలో ఉంటుంది. కొత్త దూది పరుపు ఎందుకు వెచ్చగా ఉంటుంది, అణిగిపోయినది ఎందుకు చల్లగా ఉంటుంది? అదే లెక్క. పఫర్ మీద బిగుతుగా రెయిన్ జాకెట్ వేస్తే భుజాల దగ్గర, మోచేతుల దగ్గర పఫర్ అణిగి అప్పడమైపోతుంది. 350 గ్రాములు మోసుకెళ్లి కూడా వణకాల్సి వస్తుంది. అలాగని మరీ వదులుగా కొంటే ప్రతి అడుగుకీ కింద నుంచి చల్లగాలి కొలిమి తిత్తిలా లోపలికి పోతుంది. అందుకే అంచున బిగించే తాడు ఉందా లేదా చూడమంటాను.

మీ భార్యకి కొనేటప్పుడు ఛాతీతోపాటు తుంటి కొలత కూడా చూడండి. ఆడవాళ్ల సైజు అని అమ్మే కొన్నింట్లో నడుం సన్నగా కోసి, కింద చోటు ఇవ్వరు. మా ఆవిడ అలాంటిది ఒకటి రెండు సీజన్లు భరించి, చివరికి మగవాళ్ల ఎస్ సైజు తీసుకుంది. చేతులు కాస్త పొడుగు, ఆవిడ దాన్నే చేతి తొడుగుల్లా వాడుకుంటుంది.

ఆ 'మైనస్ 10' గురించి

స్లీపింగ్ బ్యాగులకి ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 23537. బొమ్మకి వేసి, ల్యాబ్‌లో కొలిచి అంకె ఇస్తారు. ట్రెక్కింగ్ జాకెట్లకి అలా అందరూ పాటించేది లేదు. కాబట్టి జాకెట్ మీది డిగ్రీలు ఆ కంపెనీ వాళ్ల అంచనా. కొందరు మీరు నడుస్తున్నారనుకుని వేస్తారు, కొందరు లోపల ఇంకో రెండు పొరలున్నాయనుకుని వేస్తారు. రెండు కంపెనీల అంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చడం రెండు ఊళ్ల మామిడికాయల పులుపు పోల్చినట్టే.

డౌన్ (పక్షుల నూగు ఈకలు నింపిన) జాకెట్ల మీద 600, 800 అని ఉంటాయి కదా, అవి కూడా డిగ్రీలు కావు. ఒక ఔన్సు, అంటే 28 గ్రాముల నూగు ఈకలు ఎన్ని ఘనపుటంగుళాల మేర పొంగుతాయో చెప్పే అంకె అది. లోపల ఎంత నింపారో చెప్పదు. 800 రకం 60 గ్రాములు నింపిన జాకెట్ కన్నా 600 రకం 150 గ్రాములు నింపినది చాలా వెచ్చగా ఉంటుంది. గుణించి చూసుకోండి. షాపులో రెండో అంకె అడగండి, చాలాసార్లు అమ్మే కుర్రాడికే కొత్త విషయంగా ఉంటుంది.

మీ ట్రెక్‌కి డౌన్ వద్దన్నది వేరే కారణం వల్ల. హంప్తా పాస్ దాదాపు 4,270 మీటర్ల ఎత్తులో, పీర్ పంజాల్ శ్రేణి మీద ఉంది. నడక మొదలయ్యే జోబ్రా నుంచి బాలూ కా ఘేరా క్యాంపు దాకా కులూ వైపు. జూలైలో రుతుపవనం అటే కురుస్తుంది. పాస్ దాటి శియా గోరు, ఛత్రూ దిగితే లాహౌల్, వానచాటు ప్రాంతం. ఒకే ట్రెక్‌లో రెండు దేశాలన్నట్టు. అంటే మొదటి రెండు రోజులు వాన, బట్టలు ఆరవు, బ్యాగులోకి తేమ. తడిస్తే డౌన్ ముద్దై తడిసిన పిల్లిలా తయారవుతుంది, కొండ మీద ఆరదు. సింథటిక్ దూది తడిసినా కొంత పొంగు నిలుపుకుంటుంది, పిండి వేసుకోవచ్చు. అది కాస్త బరువు, రెండు మూడేళ్లు మడిచి మడిచి పెడితే అణిగిపోతుంది, నిజమే. కానీ జూలైకి అదే. కేదార్‌కంఠ లాంటిది డిసెంబరులో వెళ్తానంటే అప్పుడు డౌన్ గురించి మాట్లాడదాం, పొడి మంచులో దానికి సాటి లేదు.

ఉన్నిదీ ఇలాంటి గుణమే. మన తెలంగాణలో గొర్రెల కాపరులు వానలో తల మీదుగా కప్పుకునే నల్ల గొంగడి చూశారా? తడిసినా చలి ఆపుతుంది, వాన చాలాసేపు పైనే జారిపోతుంది. బరువు ఒక్కటే సమస్య, లేకపోతే నేను మిమ్మల్ని ఈ షాపులకి పంపేవాణ్ణి కాదు.

జూలైలో ఆ క్యాంపుల్లో రాత్రి చలి సున్నాకి కాస్త పైనే ఉంటుంది మామూలుగా, పాస్ మీద గాలే ఎక్కువ బాధ. ఎక్కేటప్పుడు ఫ్లీస్ మాత్రమే వేసుకోండి, గాలి కొడితే పైన రెయిన్ జాకెట్. చంకల కింద జిప్పులుంటే వాన లేనప్పుడల్లా తెరిచే ఉంచండి. పఫర్ బ్యాగులో పైనే పెట్టి, ఆగిన మరుక్షణం, ఒళ్లు ఇంకా వేడిగా ఉండగానే వేసుకోవాలి. చల్లబడ్డాక వేసుకుంటే చల్లదనాన్నే దాచిపెట్టినట్టవుతుంది. పొద్దున్న బయల్దేరేటప్పుడు కాస్త చలిగా అనిపిస్తేనే మీరు సరిగ్గా తొడుక్కున్నట్టు. అప్పుడే వెచ్చగా ఉంటే పదిహేను నిమిషాల్లో చెమట, తర్వాత రోజంతా ఆ చెమటతోనే చలి.

టెంటు: 'ఇద్దరికి' అంటే ఏ ఇద్దరికి?

ఇక్కడా అదే కథ, నీళ్లు లోపలినుంచే. ఒక మనిషి రాత్రంతా ఊపిరితో, చర్మంతో ఒక టీ గ్లాసుకి పైగానే నీళ్లు గాలిలోకి వదులుతాడు. ఇద్దరుంటే రెండు గ్లాసులు. ఆకాశం తేటగా ఉన్న రాత్రి టెంటు పై గుడ్డ తన వేడిని ఆకాశంలోకి వదిలేసి చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. ఆరుబయట పెట్టిన స్కూటర్ సీటు మీద తెల్లారికి నీళ్లుంటాయే, అదే. మీ ఊపిరి వెళ్లి దానికి తగిలి చుక్కలవుతుంది. చెట్టు కింద వేస్తే తక్కువ, వాగు పక్కన గుంటలో వేస్తే ఎక్కువ. బాలూ కా ఘేరాలో అందరూ నీళ్లకి దగ్గరని వాగు పక్కనే వేస్తారు. ఓ యాభై అడుగులు పైకి వెళ్లి వేస్తే పొద్దున్నకి టెంటు సగం తడే ఉంటుంది. వరద భయమూ తగ్గుతుంది.

అందుకని టెంటులో చూడాల్సింది: జాలీ లోపలి గది, బయటి గుడ్డ వేరువేరుగా, మధ్యలో జానెడు ఖాళీ. పైన ఒక కిటికీ, కింద అంచు నేలకి కాస్త ఎడం. చలేస్తుందని కిటికీలన్నీ మూసుకుని పడుకుంటే తెల్లారి మీ స్లీపింగ్ బ్యాగే తడుస్తుంది, అప్పుడు అసలు చలి. మూసేసి లోపల స్టవ్ వెలిగించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది.

3000 మి.మీ. అంటే ఆ గుడ్డ మీద మూడు మీటర్ల ఎత్తు నీటి స్తంభం నిలబెడితే అప్పుడు ఊరడం మొదలవుతుంది అని. వానకి పై గుడ్డ 1500 ఉన్నా చాలు. నేల గుడ్డకి ఎక్కువ కావాలి, తడి నేల మీద మోకాలు ఆనిస్తే ఒత్తిడి అక్కడే. పైగా అది కొత్త గుడ్డ అంకె. నా దగ్గర లీకైన టెంట్లలో దాదాపు అన్నీ కుట్ల దగ్గరే లీకయ్యాయి, గుడ్డలో కాదు.

ఇప్పుడు వెడల్పు. మీరు పంపిన టెంటు తల దగ్గర 125 సెంటీమీటర్లు, కాళ్ల దగ్గర 105. మామూలు మ్యాట్ ఒకటి 51 నుంచి 55 సెంటీమీటర్లు. రెండు వేస్తే కాళ్ల దగ్గర రెండు వైపులా గోడకి తగులుతాయి, ఇక బ్యాగులు, బూట్లు బయటే. కొత్త దంపతులైతే సరే! పెళ్లయి పదేళ్లయిందన్నారు కాబట్టి, 130 తగ్గకుండా, రెండు తలుపులున్నది చూడమంటాను. ఒకే తలుపున్న టెంటులో అర్ధరాత్రి ఒకరు బయటికెళ్లాలంటే రెండోవాళ్ల మీద నుంచి పాకాలి. పొడవు కూడా లేబుల్ మీద 210 అని ఉన్నా, గోడలు వాలుగా ఉండటం వల్ల నిజంగా వాడుకునేది ఇంకా తక్కువ. మీ ఎత్తుకి పర్వాలేదు. ఆరడుగుల వాళ్ల స్లీపింగ్ బ్యాగు పాదం రాత్రంతా తడి గోడకి ఒరుసుకుంటూ ఉంటుంది.

నైలాన్ గుడ్డకి ఒక అలవాటుంది, తడిస్తే సాగుతుంది. సాయంత్రం తబలాలా బిగించిన టెంటు అర్ధరాత్రి వానకి వేలాడి లోపలి గదికి అంటుకుంటుంది, అక్కణ్ణుంచి నీళ్లు లోపలికి. పడుకునే ముందు ఒకసారి బయటికొచ్చి తాళ్లు మళ్లీ లాగండి. పాలిస్టర్ అయితే ఈ గొడవ తక్కువ. చవక టెంట్లలో ఫైబర్‌గ్లాస్ కడ్డీలు చలికి, గాలికి చీలికలై చేతికి ముళ్లు గుచ్చుకుంటాయి. అల్యూమినియం కడ్డీలే తీసుకోండి.

బరువు తగ్గించుకుందామని నడక కర్రలతో నిలబెట్టే టెంటు ఒకటి కొన్నాను 2017లో. మన దక్కన్ కొండల మీద వేద్దామని తీసుకెళ్తే అంతా ఒకే రాతి పలక. పెగ్గు దిగితేగా! (ఆ పెగ్గు కాదు, మేకు.) ఆ రాత్రి టెంటు కప్పుకుని పడుకున్నాం. మేకుల అవసరం లేకుండా తనంతట నిలబడే టెంటే మీకు మంచిది. ఛత్రూ దగ్గర కూడా అంతా గులకరాళ్ల నేలే, తాళ్లని బండరాళ్లకి కట్టాల్సి వస్తుంది. ఒక చిన్న రాయికి తాడు చుట్టి, దాని ముందు పెద్ద రాయి అడ్డం పెట్టండి, జారదు.

ఇంకో తప్పు, ఇది నేను చేసిందే. మారేడుమిల్లిలో నేల తడిగా ఉందని టెంటు కింద పెద్ద టార్పాలిన్ పట్టా పరిచాను, చుట్టూ జానెడు బయటికి వచ్చేలా. రాత్రి వాన పడింది. టెంటు మీద నుంచి జారిన నీళ్లన్నీ ఆ పట్టా మీద పడి, టెంటు కిందకి చేరి చెరువు కట్టాయి. కింద పరిచేది టెంటు నేలకన్నా నాలుగు వైపులా రెండంగుళాలు చిన్నదిగా ఉండాలి, పెద్దదిగా కాదు.

డబ్బు ఎక్కడ పెట్టాలి

మంచి తేలిక టెంటుకి పది వేల పైమాటే. అది కొంటే మీ 20 వేలలో జాకెట్లకి మిగిలేది తక్కువ. ఈసారికి టెంటు అద్దెకి తీసుకుని, ఎక్కువ డబ్బు ఇద్దరి రెయిన్ జాకెట్ల మీద పెట్టండి. ఫ్లీస్ వెయ్యి రూపాయలదైనా చాలు, అక్కడ బ్రాండ్‌కి డబ్బు దండగ. ఒక్కో రెయిన్ జాకెట్ 350 గ్రాముల లోపు, హుడ్ సర్దుకునేది, చంక జిప్పులున్నది చూడండి. అద్దె టెంటు తీసుకునేటప్పుడు మనాలీలోనే ఒకసారి పూర్తిగా వేయించి చూడండి. కడ్డీలు, మేకులు లెక్కపెట్టి, కుట్ల మీది టేపు లేచిందేమో వేలితో తడమండి. నాకొకసారి అద్దెకిచ్చినాయన కడ్డీల సంచీలో వేరే టెంటు కడ్డీలు పెట్టి ఇచ్చాడు, అది మాకు దారిలో చీకా అనే క్యాంపుకి చేరాకే తెలిసింది.

ఒక్క మాట జూలై గురించి కూడా. 2023 జూలైలో బియాస్ వరద కులూ, మనాలీ రోడ్డుని ఎన్నోచోట్ల కోసేసింది. తేదీలు మార్చుకునే వీలుంటే సెప్టెంబరు రెండో వారం తర్వాత వెళ్లండి. వాన తగ్గుతుంది, చలి కాస్త పెరుగుతుంది, అప్పుడు పఫర్ ఇంకొంచెం మందంగా కావాలి. వీలుకాకపోతే తిరుగు టికెట్‌కి ముందు రెండు రోజులు ఖాళీ పెట్టుకోండి.

తర్వాత ఎప్పుడైనా టెంటు కొన్నాక: మొదటిసారి మీ డాబా మీదే వేసి, పైపుతో ఇరవై నిమిషాలు నీళ్లు కొట్టండి, ఒకరు లోపల కూర్చుని కుట్లు చూడాలి. పిల్లలున్నారా? ఆ పనికి వాళ్లు పోటీపడతారు. ట్రెక్ నుంచి వచ్చిన రోజే, ఎంత అలసటగా ఉన్నా, విప్పి ఫ్యాను కింద ఆరేయండి. ఎండలో రోజుల తరబడి వదలొద్దు, గుడ్డ పెళుసెక్కుతుంది. నా ఒక టెంటుని తడి పూర్తిగా ఆరకుండానే అటక మీద పెట్టి రెండు వేసవులు మర్చిపోయాను. తీసి చూస్తే లోపలి పూత జిగురై గుడ్డకి గుడ్డ అంటుకుపోయింది, వాసన మురిగిన మజ్జిగలా. వేడి, తేమ కలిస్తే ఆ పూత అలాగే కరుగుతుంది, మన ఊళ్లలో రెండూ దండిగా ఉన్నాయి. మీ ఇంట్లో అన్నిటికన్నా చల్లగా, పొడిగా ఉండేది మామూలుగా పడకగది బీరువా కింది అర. అక్కడ చోటు కావాలంటే ఎవర్ని అడగాలో మీకు నేను చెప్పక్కర్లేదు.